గోడ కింది నిధి, బీరువాలోని బంగారం
(మఠంపల్లిలో సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సభాధ్యక్షులకు, సొసైటీ పెద్దలకు, ఇమామ్ సాబ్‌కు, అక్కలకు చెల్లెళ్లకు, భోజనం ఎప్పుడు పెడతారా అని వెనక వరుసలో ఎదురుచూస్తున్న మా పిల్లలకు సలాములు.

బంగారం గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు అడిగినప్పుడు మాకు నవ్వొచ్చింది. బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం, మాకు తెలిసిన బంగారం సాంఘికశాస్త్రం పుస్తకంలోదే ఎక్కువ. అయినా ఒప్పుకున్నాం. ఒప్పుకోవడానికి కారణం ఒక పాప అడిగిన ప్రశ్న.

2024 మార్చి నెలాఖరులో మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో పురావస్తు శాఖవారు తవ్వుతుంటే ఒక మట్టికుండ దొరికింది. కుండ మూతి మీద ఇంకో చిన్న కుండను బోర్లించి మూశారు. లోపల కూడా పగిలిన గిన్నె అడుగుముక్క ఒకటి అడ్డం పెట్టారు. ఎంత జాగ్రత్తపరులో చూడండి. అందులో 3,730 నాణేలు ఉన్నాయి. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివని శాఖవారు తేల్చారు. అంటే మన కృష్ణ ఒడ్డునే పైకి పోతే వచ్చే నాగార్జునకొండ రాజధానిగా ఏలిన రాజుల కాలం, ఇప్పటికి పదిహేడు వందల ఏళ్ల కిందటి మాట.

ఆ వార్త పేపరులో రాగానే కత్తిరించి తరగతికి తీసుకుపోయాం. పిల్లలందరూ ముందుకు జరిగి కూర్చున్నారు. "బంగారమా మేడమ్?" అన్నారు. కాదు, సీసం అన్నాం. అందరి ముఖాలూ వాడిపోయాయి. ఒక్క పాప మాత్రం చెయ్యి పైకెత్తి, "అంత మంచిగ మూత పెట్టి దాచినోళ్లు మళ్లొచ్చి ఎందుకు తీసుకోలేదు మేడమ్?" అని అడిగింది. ఆ పాప మన సొసైటీ ఇచ్చే పుస్తకాలతో చదువుకుంటున్న పాపే, తండ్రి లేడు. ఆ ప్రశ్నకు మేము ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇవాళ ఇక్కడ చెప్పే ప్రయత్నం చేస్తాం.

మట్టిలో దొరికే ప్రతి కుండ వెనకా ఒక మనిషి ఉంటాడు. సరదాకు ఎవరూ సొమ్ము పాతిపెట్టరు. దండు వస్తోందనో, దొంగలు తిరుగుతున్నారనో, ఊరు వదిలి పోవాల్సి వస్తోందనో పాతిపెడతారు. మళ్లీ వచ్చి తీసుకోగలిగితే అది మనకు దొరకదు. దొరికిందంటే దాచినవాళ్లు రాలేకపోయారన్నమాట. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. మన దేశపు సరుకుల కోసం ఏటా ఐదు కోట్ల సెస్టర్షియస్‌లు తరలిపోతున్నాయని రోములో ప్లినీ అనే పెద్దమనిషి ఏడ్చాడు. ఆ తరలిపోయిన డబ్బులో కొంత మన పల్లెలదాకా వచ్చిందన్న సంగతి పిల్లలకు చెబితే నమ్మరు. అంత దూరం నుంచి వచ్చిన వెండిని కూడా ఇక్కడ ఎవరో భయపడి మట్టిలో పెట్టారు, మళ్లీ రాలేదు.

మా ఇంట్లో అలాంటి కుండ ఒకటి ఉంది. కుండ కాదు, ఇత్తడి చెంబు. పెద్దవాళ్లలో కొందరికి ఈ సంగతి తెలుసు.

1948లో పోలీసు చర్యకు ముందూ వెనకా ఈ పల్లెల్లో ఎవరికి ఎవరి భయం ఉండేదో విడదీసి చెప్పడం కష్టం. దొరల భయం, రజాకార్ల భయం, ఆ తరువాత మిలిటరీ భయం. మా దాదాజాన్ అంతకు ముందే జ్వరంతో పోయారు. మా దాదీమాకు ఇద్దరు చిన్నపిల్లలు, అందులో చిన్నవాడు మా అబ్బాజాన్. మిర్యాలగూడలో ఉన్న తమ్ముడి ఇంటికి పోవాలని ఒక రాత్రి బయలుదేరింది. దారిలో సొమ్ముంటే ప్రాణానికి ముప్పని, చెంబులో రెండు అష్రఫీలు, వెండి కడియాలు, తన లచ్ఛా పెట్టి విసుర్రాయి కింద, గోడవారన గొయ్యి తీసి పాతింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఏడు నెలల తరువాత తిరిగొస్తే ఇంటిమీద కప్పు లేదు, తలుపు లేదు. వానలకు మట్టిగోడలు రెండు కూలిపోయాయి. విసుర్రాయి ఉన్న గోడ మాత్రం నిలబడి ఉంది. దాని మొదట్లో కొత్త మన్ను మెత్తి, ఆనించి పిడకలు పేర్చి ఉన్నాయి. పక్కింటి కుమ్మరి అవ్వ చేసిన పని అది. "బీబమ్మా, నీ గోడ పడతదేమోనని మన్ను మెత్తిన. పిడకలు నావే, ఎల్లుండి తీసుకుంట" అన్నదట. దాని కింద ఏముందో ఆ అవ్వకు తెలుసునో తెలియదో మా దాదీమా చచ్చేదాకా తేల్చుకోలేకపోయింది. ఆమె అడగలేదు, అవ్వ చెప్పలేదు. ఆ అష్రఫీల్లో ఒకటి అమ్మి మా అబ్బాజాన్‌ను హుజూర్‌నగర్ బడిలో చేర్పించింది. ఆయన చదివినందుకు మేము చదివాం, మేము చదివినందుకు ఈ మైకు ముందు నిలబడ్డాం.

జుమా రోజు సూరా కహఫ్ చదివే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. చదువుతాం గాని అర్థం దగ్గర ఆగి ఆలోచించేది తక్కువ, మమ్మల్ని కూడా కలిపే అంటున్నాం. అందులో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఒక దైవదాసునితో కలిసి ప్రయాణం చేసిన వృత్తాంతం వస్తుంది. ఆ దాసుడు హజ్రత్ ఖిజ్ర్ అని ఉలమాలు చెబుతారు. ఇద్దరూ ఒక ఊరికి చేరి అన్నం అడిగితే ఆ ఊరివాళ్లు పెట్టలేదు. అదే ఊళ్లో పడిపోబోతున్న గోడ ఒకటి కనిపిస్తే ఖిజ్ర్ దాన్ని నిలబెట్టారు. కూలి తీసుకోలేదు. పిడికెడు మెతుకులు పెట్టని ఊళ్లో ఉచితంగా గోడ కట్టడమేమిటని మూసా (అ) ఆశ్చర్యపోయారు. తరువాత కారణం తెలిసింది. ఆ గోడ ఇద్దరు యతీమ్ పిల్లలది, దాని కింద వాళ్ల నిధి ఉంది, వాళ్ల తండ్రి సజ్జనుడు. గోడ అప్పుడే కూలితే నిధి ఊరివాళ్ల కంట పడుతుంది. పిల్లలు పెద్దవాళ్లయి తామే తీసుకునేదాకా గోడ నిలవాలన్నది అల్లాహ్ సంకల్పం.

ఇందులో ఒక్క సంగతి గమనించండి. నిధి ఎక్కడుందో తెలిసిన మనిషి దాన్ని తవ్వలేదు, గోడ కట్టి పోయాడు. ఈ సూరా అక్కడికి వచ్చినప్పుడల్లా మాకు కుమ్మరి అవ్వ గుర్తొస్తుంది. ఇందులో తప్పుంటే ఇమామ్ సాబ్ దిద్దాలి.

గోడ కట్టినవాళ్ల సంగతి అయింది. ఇక తవ్వేవాళ్ల సంగతి.

గుప్తనిధుల పేరుతో పాత గుళ్లు, కోటలు, సమాధులు తవ్వి పాడుచేయడం గురించి మనం పేపర్లలో తరచుగా చదువుతూనే ఉంటాం. పిచ్చి సామాన్యులదే అనుకోకండి, ప్రభుత్వాలు కూడా తవ్వాయి. 2011లో హైదరాబాద్ సెక్రటేరియట్ దగ్గర ఒక బడి ఆవరణలో సొరంగం ఉందని, నిధి ఉందని తవ్వారు. 2013లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా దౌండియాఖేడాలో ఒక సాధువుకు వెయ్యి టన్నుల బంగారం కలలో కనిపించిందని భారత పురావస్తు శాఖే గడ్డపార పట్టింది. 2017లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో తవ్వారు. మూడు చోట్లా బంగారం దొరకలేదు.

అదే పురావస్తు శాఖ పద్ధతిగా తవ్విన చోట ఏం దొరికిందో చూడండి. మన హైదరాబాద్ రాజ్యంలో 1914లో ఆ శాఖ ఏర్పడింది, గులాం యజ్దానీ సాహెబ్ దానికి మొదటి డైరెక్టరు. అజంతా చిత్రాల మీద ఆయన చేసిన పని లోకమంతా మెచ్చింది. ఫణిగిరిలో మొదట తవ్వకాలు జరిపించినది కూడా మనవాడే, 1941 నుంచి 1944 వరకు ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ సాహెబ్. ఒక ముసల్మాను అధికారి బౌద్ధుల స్తూపాన్ని అంత ఓపికగా మట్టి దులిపి బయటికి తీశాడు. ఆ ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియందాకా పోయి వచ్చాయి. రాత్రిపూట గడ్డపారతో తవ్వేవాడికి కుండ ఒక్కటే కావాలి. పగటిపూట కుంచెతో తవ్వేవాడికి ఆ కుండ మూత, దాని చుట్టూ ఉన్న మట్టి కూడా కావాలి. 3,730 సీసపు బిళ్లలు పాత సామాను కొట్లో వేస్తే పదో పరకో వస్తాయి. కాని ఆ రోజుల్లో ఇక్కడ బజారు ఉంది, చిల్లర మారేది అని చెప్పగలిగేది అవే.

మనవాళ్లకు తగులుతున్న దెబ్బ వేరేరకం. రైస్ పుల్లింగ్ చెంబులు, రెండు తలల పాములు, అన్నింటికంటే ఎక్కువగా నకిలీ బంగారు నాణేలు. ఇందులో మా కుటుంబం కూడా ఉంది. మాకు మామూ వరసయ్యే ఒకాయన ఈ సభలోనే కూర్చున్నారు. పేరు చెప్పం. చెప్పమని ఆయనే అన్నారు కాబట్టి సంగతి మాత్రం చెబుతున్నాం.

ఎవరో కూలివాళ్లలాంటి ఇద్దరు ఆయన దగ్గరికి వచ్చారు. కాలువ పనిలో మట్టి తీస్తుంటే కుండ దొరికింది, అమ్ముకోవడం తెలియదు, పోలీసులంటే భయం అన్నారు. రెండు నాణేలు చేతిలో పెట్టి, "మీకు నమ్మకమైన చోటే చూపించుకోండి సాబ్" అన్నారు. దుకాణంలో గీటురాయి మీద గీసి చూస్తే మేలిమి బంగారం. (గీటురాయి అంటే మనవాళ్లకు వారపత్రికే ముందు గుర్తొస్తుంది, ఇది అవుసలాయన దగ్గరుండే నల్లరాయి.) మోసం మొత్తం అక్కడే ఉంది. చూపించే రెండూ అసలువే ఇస్తారు. కూతురి నికాహ్‌కని దాచిన మూడు లక్షలు తీసుకుపోయి సంచి తెచ్చుకున్నారు. సంచి నిండా మెరుగుపెట్టిన ఇత్తడి.

పోలీసుల దగ్గరికి ఎందుకు పోలేదు మామూజాన్ అని అడిగితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అవి అసలువే అయ్యుంటే గప్‌చుప్‌గా ఇంట్లో పెట్టుకుందామనుకున్న గద బేటీ. ఏ మొహం పెట్టుకొని పోవాలె?" అన్నారు. ఈ మాట మీరందరూ వినాలని ఈ సంగతంతా చెప్పాం. మోసగాడు తెలివైనవాడు, నిజమే. కాని మనలోని ఆ గప్‌చుప్ లేకపోతే వాడి తెలివి పారేది కాదు. మామూ రెండు నెలల తరువాత ఫిర్యాదు ఇచ్చారు. అప్పటికి ఆ మనుషులూ లేరు, వాళ్లిచ్చిన ఫోను నంబరూ లేదు. మీకు ఎవరైనా నాణేలు చూపిస్తే ఆ రోజే పోలీస్ స్టేషనుకు పోండి.

నిజంగానే దొరికిందనుకుందాం. మన చేలో నాగలికి చెంబు తగిలింది. అప్పుడేమిటి? 1878 నాటి భారత నిక్షేప చట్టం ఒకటి ఉంది. నేలలో దాగిన సొత్తు పది రూపాయల విలువ దాటితే, దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పది రూపాయలంటే నవ్వకండి, అది 1878లో రాసిన అంకె. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే ఆ లోహం విలువ కట్టి, దానిమీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి. పాతిపెట్టి నూరేళ్లు కాకపోతే, దాచినవారి తరఫువారు సివిల్ కోర్టులో హక్కు చెప్పుకునే దారి కూడా అందులో ఉంది. దాచిపెట్టి ఊరుకుంటే వాటా పోతుంది, ఏడాదిదాకా జైలు కూడా పడవచ్చు.

మన షరీఅత్ ఈ సంగతిని అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే చెప్పింది. పూర్వకాలపు జాతులు పాతిన నిధిని రికాజ్ అంటారు, అందులో ఐదో వంతు ఇవ్వాలని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిర్ణయించారు. చెమట పట్టకుండా వచ్చింది కాబట్టి నలభయ్యో వంతు చాలదు. నిధి మీద ఇస్లాం కాలపు గుర్తులుంటే అది లుఖతా, అంటే ఎవరో పోగొట్టుకున్న సొత్తు. ఏడాదిపాటు చాటి సొంతదారు కోసం వెతకాలి. రెండు చోట్లా దొరికిన మనిషిని అడిగే ప్రశ్న ఒకటే: ఇందులో ఇంకెవరి వాటా ఉంది?

నిధులనగానే మన పిల్లలకు నిజాం గుర్తొస్తాడు కాబట్టి ఆ ముచ్చట కూడా చెప్పుకుందాం. జహంగీర్ బాద్షా 1613లో ఆగ్రాలో వెయ్యి మొహర్ల నాణెం పోయించాడు. సుమారు 12 కిలోల బరువు, అడ్డం 20 సెంటీమీటర్ల పైన, భోజనం పళ్లెంలాంటి నాణెం. అది చేతులు మారి ఆసఫ్‌జాహీల ఖజానాకు చేరింది. 1987 నవంబరులో జెనీవాలో వేలానికి వచ్చి, పాట సరిపోక అమ్ముడుపోలేదు. ఆ తరువాత ఎక్కడుందో సీబీఐ కూడా తేల్చలేకపోయింది. 374 ఏళ్లు బతికిన నాణెం బజారులో కిలో జొన్నలు కొని ఎరగదు. మా తరగతిలో పిల్లల చేత దానిమీద ఒక ఏడాది జకాత్ లెక్క కట్టించాం. దాదాపు 300 గ్రాముల బంగారం వచ్చింది. ఒక పిల్లవాడు దాన్ని 374తో గుణించబోతే, ఇస్తూపోతే నాణెం తరుగుతుంది గదరా అని ఆపాల్సి వచ్చింది.

ఇక ఒక తప్పు ఒప్పుకోవాలి. 1965లో ఏడో నిజాం దేశరక్షణ నిధికి ఐదు టన్నుల బంగారం దానం చేశాడని మేము కూడా ఏళ్లతరబడి పిల్లలకు చెప్పాం. సమాచార హక్కు కింద అడిగితే తేలింది వేరు. ఆయన 425 కిలోల బంగారాన్ని జాతీయ రక్షణ బంగారు బాండ్లలో పెట్టారు, ఆరున్నర శాతం వడ్డీ ఉన్న బాండ్లు. దేశానికి అవసరమైనప్పుడు బంగారం బయటికి తీయడం చిన్న సంగతి కాదు, కాని దానాన్ని దానమనాలి, బాండును బాండు అనాలి. మనవాడు కాబట్టి పెంచి చెప్పడం మాకు నచ్చదు. ఇప్పుడు సరిచేసి చెబుతున్నాం.

నిజాం ఖజానా సంగతి మాట్లాడటం తేలిక. మన బీరువా సంగతే కష్టం.

దివ్య ఖుర్‌ఆన్‌లో సూరా తౌబాలో, బంగారం వెండి కూడబెట్టి అల్లాహ్ మార్గంలో ఖర్చు చేయనివారికి గట్టి హెచ్చరిక ఉంది. ఏది కూడబెట్టిన నిధి కిందికి వస్తుందని అడిగినవారికి హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజియల్లాహు అన్హు) చెప్పిన జవాబు సారాంశం ఇది. జకాత్ ఇచ్చిన సొత్తు ఏడు నేలల కింద ఉన్నా అది నిధి కాదు. జకాత్ ఇవ్వని సొత్తు నేల పైన బయటే పెట్టినా అది నిధే. ఈ లెక్కన మా దాదీమా చెంబు నిధి కాకపోవచ్చు. మన బీరువా అరలో వెల్వెట్ డబ్బాలో ఉన్న హారం నిధి కావచ్చు.

నగలు ఒంటిమీద వేసుకునేవే గదా, వాటికి జకాత్ ఏమిటని అక్కలు అడుగుతారు. కొన్ని మస్లక్‌లలో ఆ అభిప్రాయం ఉంది. మనలో ఎక్కువమంది పాటించే హనఫీ మస్లక్‌లో వేసుకునే నగలకు కూడా జకాత్ ఉంది. నిసాబ్ ఏడున్నర తులాలు. పొరపాటు ఇక్కడే జరుగుతోంది. ఆ తులం పాత తులం, 11.66 గ్రాములది. ఏడున్నర పాత తులాలంటే 87.48 గ్రాములు. ఇవాళ దుకాణంలో తులమంటే 10 గ్రాములే. అంటే ఇప్పటి లెక్కలో ఎనిమిది ముప్పావు తులాలు. "మా దగ్గర ఏడే ఉంది" అని కొందరు, "తొమ్మిది ఉన్నా అందరూ ఇస్తున్నారా" అని కొందరు ఊరుకుంటారు. బంగారంతోపాటు వెండి, బ్యాంకులో డబ్బు కూడా ఉంటే అన్నీ కలిపి విలువ కట్టాలి. అప్పుడు వెండి నిసాబ్, 612.36 గ్రాముల వెండి ఖరీదు, కొలత అవుతుంది. అది చాలా తక్కువ మొత్తం. కాబట్టి ఏడు తులాలవాళ్లు కూడా ఒకసారి ఇమామ్ సాబ్‌ను అడగాలి. అప్పులున్నవాళ్లు అదీ చెప్పాలి.

ఇవ్వాల్సింది ఎంత? 100 గ్రాములుంటే ఏడాదికి రెండున్నర గ్రాములు. చంటిపాప చెవి కమ్మలంత. అంతకంటే ఎక్కువ పెళ్లిళ్లలో తరుగు కింద, మజూరీ కింద నోరు మెదపకుండా ఇచ్చి వస్తున్నాం.

మాకు వచ్చిన అసలు చిక్కు ఇది. మన సొసైటీ దగ్గర చదువు సాయానికి పేరిచ్చుకున్న యతీమ్ పిల్లలందరికీ ఈ ఏడాది కూడా పూర్తి ఫీజు కట్టలేకపోయాం. కొందరికి సగమే కట్టాం. ఫణిగిరి కుండ గురించి అడిగిన పాప ఆ సగంలోనే ఉంది. దాచినవాళ్లు మళ్లీ ఎందుకు రాలేదని అడిగింది గదా, ఆమె తండ్రి కూడా రాలేనివాళ్లలో ఒకడే. ఆమెకు గోడ లేదు, కింద చెంబు లేదు. మన ఇళ్లలో నలభయ్యో వంతు ఉంది.

అందుకని కమిటీవారితో మాట్లాడి ఒక ఏర్పాటు చేశాం. వచ్చే ఆదివారం జుహర్ నమాజ్ తరువాత మదర్సా గదిలో డిజిటల్ కాటా పెడుతున్నాం. ఆడవాళ్ల దగ్గర ఆడవాళ్లమే కూర్చుంటాం. మీ నగలు మీ చేతులతో మీరే తూచుకోండి, ఎంత ఉందో మాకు చెప్పనక్కర్లేదు, రాసుకునే పుస్తకం పెట్టం. లెక్క కట్టడం రానివాళ్లకు మా పదో తరగతి పిల్లలు కట్టి చూపిస్తారు. జకాత్ మన సొసైటీకే ఇవ్వాలని లేదు. మీ బంధువుల్లో బీదవాళ్లుంటే ముందు వాళ్ల హక్కు.

మొదట మేమే తూస్తాం. మా దాదీమా రెండో అష్రఫీ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఒకవైపు చార్మినార్, దాని కమానులో ఉస్మాన్ పేరులోని ఐన్ అక్షరం. దాదాపు 11 గ్రాములు. పాతకాలపు జ్ఞాపకం గదా అని ఇన్నేళ్లూ దాన్ని మేము లెక్కలో కలపలేదు. ఆదివారం దాన్ని కూడా తీసుకొస్తాం.